నన్ను లినక్స్ గడప దాటనివ్వని సాఫ్ట్‌వేర్లు

2009లో తెనాలిలో మా ఇంటికి పోస్ట్‌మ్యాన్ ఒక అట్ట కవరు తెచ్చిచ్చాడు. లోపల ఒక సీడీ ఉంది. సీడీకి పైసా కట్టలేదు, పోస్టు ఖర్చు కూడా పంపినవాళ్లదే. అదే ఉబుంటు. మార్క్ షటిల్‌వర్త్ అనే దక్షిణాఫ్రికా వ్యాపారవేత్త 2002లో సొంత డబ్బుతో అంతరిక్షానికి వెళ్లొచ్చారు, 2004 అక్టోబరులో లినక్స్ ఆధారంగా పనిచేసే ఈ ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేశారు. నెట్ సరిగా లేని ఊళ్లవాళ్లు అంత పెద్ద ఫైలు దించుకోలేరు కదా! అందుకని అడిగిన వాళ్లందరికీ సీడీలు పోస్టులో పంపే ఏర్పాటు చేసి, 2011 దాకా నడిపారు. ఉబుంటు అనేది ఆఫ్రికాలోని బంటూ భాషల మాట. సాటి మనిషి పట్ల మానవత్వం అని దాని అర్థం.

ఆ రోజు నుంచీ నా కంప్యూటర్‌లో లినక్సే. "ఉచితమనేగా వాడుతున్నావు?" అని చుట్టాలు అడుగుతూ ఉంటారు. కాదు. ఉచితమని తెచ్చుకున్న వస్తువును పదిహేనేళ్లకు పైగా ఎవరూ వాడరు. నన్ను కట్టిపడేసినవి ఇందులోని కొన్ని సాఫ్ట్‌వేర్లు. ఎవరికో ఎప్పుడో వచ్చిన ఒక అవసరంలోంచి పుట్టినవే అన్నీ. ఆ పుట్టుపూర్వోత్తరాలు తెలిశాక వాటి మీద నాకు ఇష్టం ఇంకా పెరిగింది. వాటిలో కొన్ని విశేషాలు ఇవి.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. అందులో కాగితం తరచూ ఇరుక్కునేది. పాత ప్రింటర్ ప్రోగ్రామును అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ ఇదివరకే సవరించి, కాగితం ఇరుక్కుంటే అందరి తెరల మీదా కబురు వచ్చేలా చేసి ఉన్నారు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడు దొరకలేదు. కోడు ఉన్న మరో విశ్వవిద్యాలయం పరిశోధకుడిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడు. ఆ చేదు అనుభవం స్టాల్‌మన్‌ను వదల్లేదు. కోడు అందరికీ అందే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం 1983 సెప్టెంబరు 27న ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు.

ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట. దానితో వచ్చే అపార్థాన్ని విడమర్చి చెప్పడానికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులకు ఏళ్లు పట్టింది. మనకు ఆ బాధ లేదు, రెంటికీ రెండు మాటలున్నాయి. హైదరాబాద్‌లో ఈ ఉద్యమాన్ని నడిపే సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది. తెలుగు మెనూలతో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసింది కూడా.

ఒకే ఏడు రెండు పుట్టుకలు

హెల్సింకిలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి తన లినక్స్ కెర్నెల్ తొలి రూపాన్ని నెట్‌లో పెట్టింది 1991 సెప్టెంబరులో. ఆ మరుసటి నెలలో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. తెలుగు లిపికి అందులో చోటు దక్కింది. అంటే లినక్సూ, కంప్యూటర్‌లో తెలుగు అక్షరానికి దొరికిన శాశ్వత చిరునామా కూడా దాదాపు ఒక ఈడువే. తెలుగులో రాసి బతికే నాలాంటి వాడికి ఈ సంగతి పండగలాంటిది.

అన్నట్టు, లైనస్ తన సృష్టికి 'ఫ్రీక్స్' అని పేరు పెట్టుకున్నాడు. ఫైళ్లను సర్వర్లోకి ఎక్కించిన మిత్రుడు ఆరీ లెమ్కేకి ఆ పేరు నచ్చలేదు. ఫోల్డరుకు తనే లినక్స్ అని పేరు పెట్టేశాడు. అదే నిలిచింది.

చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ

నేను పొద్దున లేచి ముందు తెరిచే సాఫ్ట్‌వేర్ నిజానికి కంటికి పెద్దగా కనిపించదు. పేరు ఐబస్. తెర మూలన రెండక్షరాల గుర్తుగా కూర్చుని ఉంటుంది. దానికి ఎం17ఎన్ అనే లైబ్రరీ తోడైతే తెలుగు కొట్టడానికి ఒకటి కాదు, అరడజను పద్ధతులు వస్తాయి. ఆ లైబ్రరీ జపాన్ పరిశోధకులు కట్టింది. మన ఆర్‌టీఎస్ పద్ధతి అందులో పదిలంగా ఉంది. ఆర్‌టీఎస్ అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగువాళ్లు 1990ల మొదట్లో తయారుచేసిన లిప్యంతర పద్ధతి. అప్పటికి తెర మీద తెలుగు అక్షరం చూడటమే గగనం. అందుకని ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేందుకు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. చిన్న ఎల్ అయితే ల, పెద్ద ఎల్ అయితే ళ. చిన్న టీ త, పెద్ద టీ ట. మూడు దశాబ్దాలు దాటినా నా వేళ్లు ఆ కట్టుబాటు మీదే నడుస్తున్నాయి. టెక్సాస్‌లో తెలుగు పిల్లలు కూడబలుక్కున్న పద్ధతిని జపాన్ లైబ్రరీ మోసుకొచ్చి తెనాలిలో నా కీబోర్డుకు అందించింది!

ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవాళ్లకు ఇంకో సుఖం ఉంది. ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఆ పద్ధతిలో అచ్చులన్నీ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. పైగా క ఏ మీటలో ఉందో హిందీలోనూ తమిళంలోనూ కన్నడంలోనూ అదే మీటలో ఉంటుంది. తెలుగు వచ్చిన వేళ్లకు మిగతా భాషలు సగం వచ్చేసినట్టే.

హర్ఫ్ అంటే అక్షరం

'స్త్రీ' అనే ఒక్క అక్షరం కంప్యూటర్ కడుపులో ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఈ ఆరింటినీ వరసగా చదివి, త వత్తు ఎక్కడ వేలాడాలి, ర వత్తు ఎటు ఒరగాలి, గుడిదీర్ఘం ఎవరి నెత్తిన కూర్చోవాలి అని తేల్చేవాడు ఒకడుండాలి. లినక్స్‌లో ఆ పని హార్ఫ్‌బజ్‌ది. పేరు వింతగా ఉంది కదూ? అది పారశీకం. 'హర్ఫ్' అంటే అక్షరం, 'బాజ్' అంటే తెరిచి ఉన్నది. ఓపెన్‌టైప్ అనే ఫాంట్ల పద్ధతి పేరుకు పారశీకంలో చేసిన మాట అది. ఉర్దూ తెలిసిన హైదరాబాదీలకు 'హర్ఫ్' ఇంటి మాటే. దీన్ని ఇప్పటి రూపానికి తెచ్చినవారు ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్‌ఫహ్‌బద్. తన లిపి తెర మీద వంకర పోతే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి చేతి పని ఇది. అందుకే ఇంత నాణ్యంగా ఉంటుందని నా నమ్మకం. ఈనాడు ఆండ్రాయిడ్ ఫోన్లలో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో తెలుగు వత్తులు కుదురుగా నిలబడేది దీని చలవతోనే.

దీనితో జంటగా పనిచేసేది పాంగో. గ్రీకులో 'పాన్' అంటే సమస్తం, జపనీస్‌లో 'గో' అంటే భాష. రెండూ అతికించి అన్ని భాషలూ అనే పేరు పెట్టారు.

పోతన, వేమన ఒకే మూటలో

డెబియన్ అనే మరో లినక్స్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ దించుకుంటే పోతన2000, వేమన2000 కలిసి వస్తాయి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించి, ఎవరైనా వాడుకోవచ్చు, సవరించుకోవచ్చు అని స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చిన ఫాంట్లివి. 'తెలుగువిజయం' పేరుతో ఇంకో మూట ఉంది. అందులో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సూరన్న, గిడుగు, గురజాడ, సురవరం, శ్రీకృష్ణదేవరాయ అన్నీ ఫాంట్ల పేర్లే. ఫాంటు ఎంచుకునే పట్టీ తెరిస్తే భువనవిజయం కొలువుతీరినట్టుంటుంది. శీర్షికకు ధూర్జటా, రామభద్రా అని తేల్చుకోలేక నేను చాలా సాయంత్రాలు గడిపాను.

పాత కాగితం మళ్లీ అక్షరమైతే

టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్ బొమ్మలోని అక్షరాలను చదివి టైపు చేసిన పాఠంగా మార్చి ఇస్తుంది. 1985 నుంచి 1994 దాకా హెచ్‌పీ కంపెనీ ప్రయోగశాలల్లో తయారై, తర్వాత పదేళ్లపాటు అటకెక్కింది. 2005లో కంపెనీ దాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. తర్వాత గూగుల్ చేయూతనిచ్చింది. అలా అలా తెలుగూ నేర్చుకుంది.

మా నాన్న దగ్గర ఒక పాత వైద్య పుస్తకం ఉండేది. అట్ట పోయి, పుటలు పసుపెక్కి, తిప్పితే అంచులు రాలిపోయేవి. పోయిన ఏడాది ఒక్కో పుటా స్కాన్ చేసి టెసరాక్ట్‌కు ఇచ్చాను. పుటకు కొన్ని సెకన్లే. మొదటి పుట వచ్చినప్పుడు 'కషాయము' అన్న మాట యథాతథంగా తెర మీద కనిపించింది. చేతులు ఆగిపోయాయి. తప్పులు లేవని కాదు. మకూ యకూ తికమకపడింది, థకూ ధకూ తేడా చాలాచోట్ల పోయింది, ఋ వచ్చిన చోటల్లా బు అని చదివింది. అవన్నీ దిద్దుకోవడానికి నెల పట్టింది. అయితేనేం, ఇప్పుడు ఆ పుస్తకంలో 'శొంఠి' అని వెతికితే వచ్చిన ప్రతి చోటూ చూపిస్తుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది.

పదహారేళ్ల పిల్లాడి టైపు పెట్టె

లిబ్రెఆఫీస్ వయసు మనం అనుకునే దానికంటే ఎక్కువ. జర్మనీలో మార్కో బోరీస్ అనే పదహారేళ్ల కుర్రాడు 1985లో స్టార్‌రైటర్ రాయడం మొదలుపెట్టాడు. అది పెరిగి స్టార్‌ఆఫీస్ అయింది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ కంపెనీని కొనేసి, మరుసటి ఏడు కోడును బయటపెట్టింది. సన్‌ను ఒరాకిల్ కొన్నాక, ఆ పని చేస్తున్నవాళ్లలో చాలామంది బయటికొచ్చి 2010 సెప్టెంబరులో సొంత సంస్థ పెట్టుకున్నారు. ఆ కొత్త సంసారం పేరే లిబ్రెఆఫీస్. తెలుగు మెనూలు కూడా ఇందులో ఉన్నాయి. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అన్ని చోట్లా అక్షరాల కూర్పు హార్ఫ్‌బజ్ చేతికి అప్పగించారు. అప్పటి నుంచి నా ఫైలు పక్కవాడి కంప్యూటర్‌లో తెరిచినా వత్తులు చెదరడం లేదు.

పత్రికల పేజీలు కట్టేవాళ్లకు స్క్రైబస్ ఉంది. చాలా ఏళ్లు దానికి తెలుగు సరిగ్గా రాలేదు. 2017లో వచ్చిన 1.5.3తో ఆ లోటు తీరింది. అరబ్బీ లిపి కోసం ఒమన్ దేశపు బృందం ఒకటి పూనుకుని అక్షరాల కూర్పు పద్ధతిని తిరగరాసింది. ఆ పుణ్యంలో తెలుగుకూ వాటా దక్కింది.

పెంగ్విన్ బొమ్మ గీసిన కుంచె

లినక్స్ గుర్తు టక్స్ అనే పెంగ్విన్. ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా జంతుశాలలో ఒక బుల్లి పెంగ్విన్ లైనస్ వేలు కొరికిందట. ఆ ముచ్చటతో ఆయనకు పెంగ్విన్ల మీద మనసు పడింది. 1996లో లారీ యూయింగ్ ఆ బొమ్మ గీశారు. గీసిన సాఫ్ట్‌వేర్ జింప్. అప్పటికి జింప్ పసికందు. బర్క్‌లీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టారు.

అసలు సంగతి ఇక్కడుంది. జింప్‌లో మీటలు, మెనూలు గీయడానికి ఆ ఇద్దరూ ఒక పనిముట్ల పెట్టె తయారుచేసుకున్నారు. దాని పేరు జీటీకే. 1997లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ మొదలైనప్పుడు దాన్నే పునాదిగా తీసుకున్నారు. ఫోటోలు దిద్దే ప్రోగ్రాము కోసం చెక్కిన ఇటుకలతో ఊరే కట్టారు. ఇవాళ ఉబుంటు తెరవగానే కనిపించే కిటికీలు ఆ ఊళ్లోవే.

ట్రాఫిక్ కోను కథ

వీఎల్‌సీ ప్లేయర్ తెలియని తెలుగు ఇల్లు అరుదు. ఎకోల్ సెంట్రాల్ పారిస్ అనే ఫ్రెంచి ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ విద్యార్థులకు వేగమైన నెట్‌వర్క్ కావాల్సి వచ్చింది, ఆటలు ఆడుకోవడానికి. కాలేజీ డబ్బివ్వనంది. గదికో డిష్ పెట్టే బదులు ఒక్క పెద్ద డిష్ పెట్టి, నెట్‌వర్క్ మీద అందరికీ టీవీ చూపిస్తామని 1996లో ఒక ప్రాజెక్టు తలకెత్తుకున్నారు. నెట్‌వర్కూ వచ్చింది, వీఎల్‌సీ కూడా పుట్టింది. 2001 ఫిబ్రవరి 1న కాలేజీ ఒప్పుకుని కోడును స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసింది. గుర్తుగా ఉన్న ఆ నారింజ రంగు కోను, అప్పట్లో విద్యార్థులు రోడ్ల మీంచి పోగుచేసుకొచ్చిన ట్రాఫిక్ కోన్ల జ్ఞాపకం. డిసెంబరులో దానికి క్రిస్మస్ టోపీ కూడా వస్తుంది.

పాత సినిమా చూస్తుంటే పెదాలు ఒకటంటాయి, మాట ఆలస్యంగా వినిపిస్తుంది కదా! వీఎల్‌సీలో జె, కె మీటలు నొక్కుతూ పోతే మాట సరైన చోటికి జరుగుతుంది. సబ్‌టైటిళ్లకైతే జి, హెచ్.

పిల్లికి ఆస్కార్

2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన 'ఫ్లో' ఒక్క మాట లేని లాత్వియా సినిమా. వరదలో చిక్కుకున్న పిల్లి కథ. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ దాన్ని తీసింది బ్లెండర్‌లో. నా ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నది అదే బ్లెండర్, దాని కోడు అందరికీ ఒకటే.

ఈ బ్లెండర్ ఒకసారి చావు నుంచి బయటపడింది. నెదర్లాండ్స్‌కు చెందిన టోన్ రోజెన్‌డాల్ 1994లో తన స్టూడియో కోసం రాసుకున్నది ఇది. తర్వాత పెట్టిన కంపెనీ 2002లో మూతపడింది. హక్కులు పెట్టుబడిదారుల దగ్గర ఉండిపోయాయి. లక్ష యూరోలు ఇస్తే కోడు వదిలేస్తామన్నారు. రోజెన్‌డాల్ వాడకందార్లను చందాలడిగారు. ఏడు వారాల్లో లక్ష పోగైంది. అదే ఏడు అక్టోబరు 13న బ్లెండర్ అందరి సొత్తయింది. మన ఊళ్లలో గుడికో బడికో చందాలు వేసుకున్నట్టే, ఒక సాఫ్ట్‌వేర్ కోసం ముక్కూమొహం తెలియని వాళ్లు వేసుకున్నారు.

ఉగాండా పిల్లలకు సాయం చేయండి

విమ్ అనే ఎడిటర్ ఖాళీగా తెరిస్తే నల్లటి తెర మీద నాలుగు ముక్కలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమనే విన్నపం. 1991లో విమ్‌ను విడుదల చేసిన డచ్చి ఇంజినీరు బ్రామ్ మూలెనార్, 1994లో దక్షిణ ఉగాండాలోని కిబాలే బాలల కేంద్రంలో నీటి, పారిశుద్ధ్య పనులు చూసి వచ్చారు. ఎయిడ్స్‌తో తల్లిదండ్రులు పోయిన పిల్లలెందరో అక్కడ చదువుకునేవారు. విమ్‌ను డబ్బుకు అమ్మను, నచ్చితే ఆ పిల్లలకు పంపండి అన్నారు. దాన్ని చారిటీవేర్ అన్నారు. 2023 ఆగస్టు 3న ఆయన కన్నుమూశారు. చివరిదాకా విమ్ పని చూస్తూనే ఉన్నారు. ఆ విన్నపం కనిపించినప్పుడల్లా ఆయన ఇంకా ఎదురుగా కూర్చుని అడుగుతున్నట్టే ఉంటుంది నాకు.

విమ్‌లో ఎడమకు హెచ్, కిందికి జె, పైకి కె, కుడికి ఎల్. బాణం మీటలు ఉండగా ఇదేమిటని కొత్తవాళ్లు విసుక్కుంటారు. దీని మాతృక అయిన వీఐని 1976లో బిల్ జాయ్ రాసింది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్ మీద. దానికి విడిగా బాణం మీటలు లేవు. బాణాలు ఆ నాలుగు అక్షరాల మీటల మీదే ముద్రించి ఉండేవి. ఆ టెర్మినల్ ఎప్పుడో పోయింది, వేళ్ల అలవాటు మాత్రం మిగిలింది.

నల్ల తెర మీద చిరునవ్వులు

సెప్టెంబరు 1752 క్యాలెండర్ చూపించమని 'క్యాల్' ఆజ్ఞను అడగండి. 2వ తేదీ తర్వాత 14 వస్తుంది. నడుమ పదకొండు రోజులు లేవు. బ్రిటన్ పాత జూలియన్ క్యాలెండర్ నుంచి గ్రెగోరియన్‌కు మారిన నెల అది. అంత చిన్న ఆజ్ఞ చరిత్రను అంత నిక్కచ్చిగా గుర్తుపెట్టుకుంది.

ఫైళ్ల పట్టీ చూడటానికి 'ఎల్‌ఎస్' కొట్టబోయి తొందరలో 'ఎస్‌ఎల్' కొడితే? ఆ పేరుతో ఉన్న బుల్లి ప్రోగ్రాము వేసుకుని ఉంటే తెర మీద కుడి నుంచి ఎడమకు పొగ వదులుతూ ఆవిరి రైలింజను వెళ్లిపోతుంది. అది పూర్తిగా దాటేదాకా ఆగాల్సిందే. తప్పు అలవాటు మాన్పించడానికి జపాన్‌లో రాసిన ప్రోగ్రాము ఇది. మా అబ్బాయి చిన్నప్పుడు దీన్ని చూడటానికే నా ఒళ్లో కూర్చునేవాడు. టైపింగ్‌లో వాడికి వచ్చిన మొదటి మాట కూడా అదే.

విండోస్ కంప్యూటర్లతో ఫైళ్లు పంచుకునే సాంబా పేరు ఎలా వచ్చిందో తెలుసా? దాన్ని రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్‌కు, ఆ పంచుకునే పద్ధతి పేరులోని ఎస్, ఎం, బి అక్షరాలు అదే వరసలో ఉన్న మాట కావాలి. నిఘంటువు ఫైలు మీద 'గ్రెప్' ఆజ్ఞ నడిపారు. వచ్చిన మాటల్లోంచి సాంబా ఏరుకున్నారు. గ్రెప్ తెలుగులోనూ అంతే చురుగ్గా వెతుకుతుంది. నా వ్యాసాలన్నిటిలో 'కృష్ణ' ఎక్కడెక్కడ వచ్చిందో రెప్పపాటులో తెర మీద పెడుతుంది.

ఒకే ఆజ్ఞ, 64 వేల మూటలు

పైన చెప్పినవాటిలో చాలావాటిని విండోస్‌లోనూ వేసుకోవచ్చు, నిజమే. మరి లినక్స్‌లోనే ఎందుకుండాలి? దానికి నా జవాబు ఏపీటీ. డెబియన్, ఉబుంటులలో సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి, వేసి, తాజాగా ఉంచే పనిమంతురాలు. జింప్ కోసం ఒక సైటు, వీఎల్‌సీ కోసం ఇంకో సైటు తిరగక్కర్లేదు, నకిలీ డౌన్‌లోడ్ మీటల భయం లేదు. ఒక్క ఆజ్ఞతో కెర్నెల్ నుంచి తెలుగు ఫాంటు దాకా అన్నీ తాజా అవుతాయి. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ఏపీటీని 'మూ' అనమని అడిగితే ఒక ఆవు బొమ్మ వచ్చి, ఇవాళ నువ్వు అంబా అన్నావా అని పలకరిస్తుంది.

డెబియన్ పేరులో ఒక ప్రేమకథ కూడా ఉంది. 1993లో దీన్ని మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ తన పేరుకు ముందు ప్రియురాలు డెబ్రా పేరు చేర్చారు. విడుదలలకు 'టాయ్ స్టోరీ' సినిమా పాత్రల పేర్లు పెడతారు. అప్పట్లో దీనికి నాయకత్వం వహించిన బ్రూస్ పెరెన్స్, ఆ సినిమా తీసిన పిక్సార్‌లో ఉద్యోగి. బజ్, వుడీ, జెస్సీ, బుక్‌వార్మ్ అలా వచ్చిన పేర్లే. ఇంకా కుదురుకోని, ఎప్పుడూ మారుతుండే భాగానికి మాత్రం ఎప్పటికీ ఒకటే పేరు, సిడ్. బొమ్మలు విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు.

మీ జేబులో కేడీఈ ముక్క

గ్నోమ్ లాగే కేడీఈ కూడా లినక్స్ డెస్క్‌టాప్. 1996లో జర్మనీలో మొదలైన ఆ బృందం కాంకరర్ అనే బ్రౌజర్ కోసం కేహెచ్‌టీఎంఎల్ అనే యంత్రాన్ని రాసింది. దాన్నే తీసుకుని వెబ్‌కిట్‌గా మలిచి ఆపిల్ 2003లో సఫారీ తెచ్చింది. ఆ వెబ్‌కిట్‌తోనే 2008లో క్రోమ్ వచ్చింది, 2013లో క్రోమ్‌వాళ్లు దాన్ని చీల్చి బ్లింక్ అన్నారు. లినక్స్ పేరైనా వినని వాళ్ల ఫోన్లలో కూడా లినక్స్ ఔత్సాహికులు రాసిన కోడు వంశం నడుస్తోంది. పీడీఎఫ్‌లు చదువుకునే ఆక్యులర్ కూడా కేడీఈదే. జర్మనీ ప్రభుత్వ పర్యావరణ ముద్ర 'బ్లూ ఏంజెల్' పొందిన మొట్టమొదటి సాఫ్ట్‌వేర్ అది, 2022లో. తక్కువ కరెంటుతో, పాత యంత్రాల మీద కూడా నడుస్తుందని ఆ గుర్తింపు ఇచ్చారు.

మనవాడి పుస్తకాల అర

ఈ-పుస్తకాలు సర్దుకునే క్యాలిబర్ రాసింది భారతీయుడే, కోవిద్ గోయల్. 2006లో సోనీ కంపెనీ పుస్తకాల పలక కొంటే అది లినక్స్‌తో పలకలేదు. దాని భాషను తనే ఛేదించి ప్రోగ్రాము రాశారు. అదే పెరిగి క్యాలిబర్ అయింది.

పేర్ల ముచ్చటకొస్తే, బొమ్మలేసే క్రిటా పేరుకు స్వీడిష్‌లో సుద్ద, రంగుబలపం అని అర్థం. మహాభారతంలోని కృత శబ్దం ప్రభావం కూడా ఆ పేరు మీద ఉందంటారు. పిల్లల ఆటల పెట్టె జీకాంప్రీ పేరు ఫ్రెంచిలో 'నాకు అర్థమైంది' అన్నట్టు వినిపిస్తుంది.

ఫ్యాను లేని మేలుకొలుపు

అమ్మమ్మ పాడిన మేలుకొలుపు పాట ఒకటి నా దగ్గర ఉంది. పాత ఫోనులో రికార్డు చేసింది. పాట కంటే పైన తిరిగే ఫ్యాను మోతే ఎక్కువ. ఆడాసిటీలో తెరిచాను. ఇది 1999లో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సాఫ్ట్‌వేర్. అమ్మమ్మ గొంతు సవరించుకునే ముందు రెండు సెకన్లు ఉత్త ఫ్యాను ఉంది. ఆ ముక్కను ఎంచి, ఇదీ మోత అని చూపించాను. తర్వాత పాటంతా ఎంచి, ఆ మోతను తీసేయమన్నాను. హోరు పోయింది. పల్లవి తర్వాత ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు, వెనకాల గిన్నె పెట్టిన చప్పుడు కూడా వినిపించాయి. అమ్మకు వినిపిస్తే ఆ గిన్నె పెట్టింది తనేనంది.

కార్తీకంలో డాబా మీద

స్టెల్లేరియం మీ ఊరి పేరు చెబితే మీ ఊరి ఆకాశాన్ని తెర మీద పరుస్తుంది. నక్షత్రాలను ఏ నాగరికత లెక్కన చూడాలో ఎంచుకోవచ్చు. భారతీయ పద్ధతి కూడా ఉంది. కార్తీకమాసం సాయంత్రాలు తూర్పున కృత్తికల గుంపు, దాని కింద ఎర్రగా రోహిణి. తెరలో చూసి, తల ఎత్తి ఆకాశంలో చూసి సరిపోల్చుకోవడం మా ఇంట్లో పిల్లలకు ఏటా పండగే.

లినక్స్ గొప్పను చెప్పాలంటే పెద్ద సంగతులకు కొదవలేదు. ప్రపంచంలోని తొలి 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి దీని మీదే నడుస్తున్నాయి. 2021 ఏప్రిల్‌లో అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌లోనూ ఇదే. కానీ నా మట్టుకు నాకు నాన్న పుస్తకం, అమ్మమ్మ పాట, చెదరని వత్తులు వాటికంటే పెద్దవి.

మీ ఇంట్లో నెమ్మదించిపోయి అటకెక్కిన ల్యాప్‌టాప్ ఉంటే దించండి. ఉబుంటు గానీ మింట్ గానీ డెబియన్ గానీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్ మీంచే నడిపి చూడొచ్చు. నచ్చి వేసుకుంటే తప్ప లోపలి హార్డ్‌డిస్క్ జోలికి పోదు. సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డు చేర్చి, ముందుగా మీ పేరు కొట్టండి.